మీ టేబుల్‌లోని ప్రతి గడినీ ఎవరో ఒకరు నింపారు

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి ఒక అమ్మాయి పంపిన ప్రశ్నకు ఇది జవాబు. ఆమె రాసింది క్లుప్తంగా ఇది. నల్లగొండలో డిగ్రీ, హైదరాబాద్‌లో ఎంసీఏ చదివారు. అమెరికా ఆసుపత్రుల డేటా చూసే కంపెనీలో డేటా ఇంజనీర్‌గా చేరి నాలుగు నెలలైంది. టేబుళ్ల నుంచి డేటా తీసే ఎస్‌క్యూఎల్, ప్రోగ్రాములు రాసే పైథాన్ బాగానే వచ్చు. కానీ టేబుళ్లలో ఉన్నదేమిటో అంతుపట్టడం లేదు. ఫైళ్లు వచ్చాయా లేదా అని చూడటం, రాకపోతే మెయిల్ పెట్టడం, ఆ ఫైళ్లను టేబుళ్లలోకి చేర్చే పైప్‌లైన్ ఆగితే మళ్లీ నడపడం, ఇదే రోజువారీ పని. తెలుగు మీడియంలో చదవడం వల్ల అమెరికా వాళ్లతో మీటింగుల్లో నోరు పెగలడం లేదు. బ్యాంకు డేటా చూసే మరో కంపెనీ ఎక్కువ జీతం ఇస్తానంటోంది. ఉండాలా, వెళ్లాలా? ఉంటే ముందు ఏం నేర్చుకోవాలి?

ఉండాలా వెళ్లాలా అన్నది చివర్లో మాట్లాడుకుందాం. ముందుగా, అర్థం కావడం లేదని ఒప్పుకుని రాసినందుకు మీ మీద గౌరవం కలిగింది. నాలుగు నెలలకే అన్నీ అర్థమయ్యాయని చెప్పేవాళ్లను చూస్తే నాకు దిగులేస్తుంది.

నేను ఈ పనిలో పదహారేళ్లుగా ఉన్నాను. అయితే ఆసుపత్రి లెక్కలతో నా పరిచయం అంతకంటే చాలా పాతది. మా అమ్మ మర్రిగూడ మండలంలో ఏఎన్‌ఎంగా పనిచేసింది. నెలాఖరు వచ్చిందంటే రాత్రి భోజనాల తర్వాత రిజిస్టర్లన్నీ చాప మీద పరిచేది. గర్భిణులది ఒకటి, టీకాలది ఒకటి, జననాలు, మరణాలు, మందుల నిల్వ. నేను పక్కన కూర్చుని గీతలు లెక్కపెట్టి చెప్పేదాన్ని. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, అయిదు. ఆ మొత్తాన్ని అమ్మ రిపోర్టులో ఎక్కించేది.

మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. ఆ హద్దు దాటిన బోరు నీళ్లే తాగి పెరిగిన ఊళ్లు మావి. వెన్ను వంగిపోయిన పెద్దవాళ్లు, పళ్ల మీద గోధుమరంగు చారలున్న పిల్లలు ప్రతి వీధిలో ఉండేవారు. కానీ అమ్మ నింపే కాగితంలో ఫ్లోరోసిస్ అనే గడి లేదు. నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి అని వచ్చినవాళ్లకు మాత్రలిచ్చి, ‘నొప్పులు’ అన్న గడిలో ఒక గీత పెట్టేది. ఎముకల ఫ్లోరోసిస్‌కు, రోగాలకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ జాబితా ఐసీడీ-10లో ఎం85.1 అనే కోడ్ ఉందని, చారల పళ్లకు కే00.3 ఉందని నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది. ఆ రిజిస్టర్లను ఎవరైనా కంప్యూటర్‌లోకి ఎక్కించి ఎం85.1 ఎన్నిసార్లు వచ్చిందని వెతికితే జవాబు సున్నా. ఊరు ఊరంతా వంగి నడుస్తుంటే టేబుల్‌లో సున్నా.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబంతా ఈ సున్నాలోనే ఉంది. ఆసుపత్రి టేబుల్‌లో మీకు కనిపించేది ఒక మనిషి, ఏదో ఒక అవసరం కోసం, తన ముందున్న గడిలో పట్టేలా రాసిన మాట. ఆ రాసిందెవరు, ఎప్పుడు రాశారు, ఎందుకోసం రాశారు అన్నది తెలియనంతవరకు ఎంత గొప్ప ఎస్‌క్యూఎల్ వచ్చినా టేబుల్ మూగగానే ఉంటుంది. మొదటి ఏడాది మీరు నేర్చుకోవలసింది ఇదే. మిగతావన్నీ దీని వెనకే వస్తాయి.

మీ దగ్గరికి వచ్చే ఫైళ్లలో ఎక్కువ భాగం బీమా క్లెయిములే అయి ఉంటాయి. 837 అంటే ఆసుపత్రి బీమా కంపెనీకి పంపే బిల్లు. 835 అంటే ఎంత చెల్లించారు, ఎంత కోత పెట్టారు, ఎందుకు పెట్టారు అన్న జవాబు. 278 అంటే చికిత్సకు ముందస్తు అనుమతి. ఈ అంకెల వెనకున్న వ్యవహారం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి విడత జిల్లాలు మూడే: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. మీ బంధువుల్లో ఎవరో ఒకరు ఆ పథకం కింద ఆపరేషన్ చేయించుకునే ఉంటారు. వాళ్ల దగ్గర కూర్చుని మొదటి నుంచి చివరిదాకా ఏం జరిగిందో చెప్పించుకోండి. ఆరోగ్యమిత్ర కార్డు చూసి వివరాలు నమోదు చేయడం, ఆసుపత్రి అనుమతి కోరడం, అనుమతి వచ్చేదాకా మంచం మీద ఎదురుచూపు, ఆపరేషన్, డిశ్చార్జి, ఆ తర్వాత ఆసుపత్రి పెట్టిన క్లెయిము. ఈ వరుసను ఒక కాగితం మీద గీసి, ఏ మెట్టు దగ్గర ఏ ఫైలు పుడుతుందో పక్కన రాసుకోండి. అమెరికా పద్ధతి పూర్తిగా ఇలాగే ఉండదు, కానీ బిల్లుకీ చెల్లింపుకీ మధ్య ఎందుకు నెలలు పడతాయో, ఒకే బిల్లు మూడుసార్లు ఎందుకు వస్తుందో వెంటనే తెలిసిపోతుంది.

క్లెయిము డబ్బు కోసం పుట్టిన కాగితం. దాన్ని రోగ చరిత్రగా చదివితే బోల్తా పడతారు. షుగర్ ఉందేమో చూద్దామని పరీక్ష రాసిన రోజు కూడా ఒక్కోసారి ఇ11.9, అంటే టైప్-2 మధుమేహం కోడ్, బిల్లు మీదకు ఎక్కేస్తుంది. పరీక్షలో ఏమీ లేదని తేలినా ఆ బిల్లు టేబుల్‌లో అలాగే మిగిలిపోతుంది. అందుకే పరిశోధకులు చాలామంది కనీసం రెండు వేర్వేరు తేదీల్లో కోడ్ కనిపిస్తేనే ఆ మనిషిని మధుమేహ రోగిగా లెక్కిస్తారు. మీ దగ్గర ఈ లెక్క ఎలా కడుతున్నారో అడగండి. ఎవరూ చెప్పలేకపోతే, మీకొక మంచి పని దొరికినట్టే.

ఇక మనుషుల్ని గుర్తుపట్టడం. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నా ఉద్యోగంలో అతి పెద్ద తప్పు ఇక్కడే చేశాను.

ఉద్యోగంలో అది రెండో ఏడాది. హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రి రికార్డుల్లో ఒకే రోగికి రెండు మూడు నంబర్లు పడిపోయాయి, వాటిని కలపాలి. నేను మూడు షరతులు పెట్టాను. పేరు పలికే తీరు ఒకటే కావాలి, ఫోన్ నంబరు ఒకటే కావాలి, పుట్టిన తేదీ ఒకటే కావాలి. మూడూ సరిపోతే ఒకే మనిషి. చూడటానికి గట్టి షరతులే, అందరూ మెచ్చుకున్నారు కూడా. పది రోజుల తర్వాత కిడ్నీల డాక్టర్ ఒకరు ఫోన్ చేశారు. కిడ్నీలు చెడితే పెరిగే క్రియాటినైన్ ఒకావిడకు గత నెల 0.9, పోయిన వారం 4.2, నిన్న మళ్లీ 0.8 అని కనిపిస్తోంది, మనిషి ఒంట్లో ఇలా జరగదు, మీ కంప్యూటర్‌లో ఏదో జరిగింది అన్నారు.

విచారిస్తే వాళ్లు ఇద్దరు. మిర్యాలగూడ వైపు పల్లె నుంచి వచ్చిన తోటికోడళ్లు. ఇద్దరి పేరూ లక్ష్మమ్మే. అన్నదమ్ముల్ని చేసుకున్నారు కాబట్టి ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే. ఇంట్లో ఒకటే ఫోన్, పెద్దావిడ కొడుకుది. కౌంటర్‌లో వయసెంత అని అడిగితే ఇద్దరూ ‘నలభై అయిదు ఉంటాయి’ అన్నారు. వయసు మాత్రమే చెబితే సాఫ్ట్‌వేర్ ఏడాదిని లెక్కగట్టి, నెల, తేదీ తెలియదు కనుక జనవరి 1 అని తానే నింపింది. నా మూడు షరతులూ పక్కాగా సరిపోయాయి. ఒకావిడ కిడ్నీలు చెడిపోతున్నాయి, రెండో ఆవిడ మామూలు పరీక్షలకు వచ్చింది. ఇద్దరి రిపోర్టులూ ఒకే పేజీలో కలిసిపోయాయి.

ఆ డాక్టర్ అనుభవం వల్ల ఎవరికీ హాని జరగలేదు. కానీ ఆయన గమనించకపోయి ఉంటే అన్న ఆలోచన నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. అంతకంటే ఘోరం, వాళ్లిద్దర్నీ తిరిగి విడదీయడానికి నా దగ్గర దారి లేదు. కలిపిన తర్వాత పాత నంబర్లను చెరిపేశాను. కాగితాల కేస్ షీట్లు తెప్పించి, ఏ రిపోర్టు ఎవరిదో చేత్తో పంచుకోవడానికి మూడు రోజులు పట్టింది.

అప్పటి నుంచి నేను తప్పని నియమాలు చెబుతాను. ఆసుపత్రి ఇచ్చిన అసలు నంబరును ఎన్నడూ చెరపకూడదు. ఫలానా రెండు నంబర్లు ఒకే మనిషివి అన్న నిర్ణయం వేరే టేబుల్‌లో ఉండాలి, ఏ షరతు మీద కలిపాం, ఏ రోజు కలిపాం, ఎవరు ఒప్పుకున్నారు అన్నవి అక్కడే ఉండాలి. ఒక వరుస తీసేస్తే ఇద్దరు మనుషులు మళ్లీ ఇద్దరుగా నిలబడాలి. జనవరి 1ని పుట్టిన తేదీగా నమ్మకూడదు. ఫోన్ నంబరు మనిషిది అనుకోకూడదు, ఇంటిది అనుకోవాలి.

పేర్ల గురించి ఇంకొక మాట. మన జిల్లాల్లో పేర్లు దేవుళ్ల నుంచి వస్తాయి. జాన్‌పహాడ్ దర్గా చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా సైదులు, సైదమ్మ. గుట్ట నరసింహస్వామి పేరు మీద యాదగిరి, యాదయ్య, యాదమ్మ. కురుమూర్తి జాతర జరిగే వైపు కుర్మయ్య. ఒక మండలంలో ఒకే పేరు వందల మందికి ఉంటుంది, దాన్ని ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాస్తాడు. పేర్లు పలికే తీరును పోల్చడానికి నేను అప్పట్లో వాడింది సౌండెక్స్. అది అమెరికాలో వాళ్ల ఇంటిపేర్ల కోసం పుట్టి 1918లో పేటెంట్ పొందిన పద్ధతి. మొదటి అక్షరాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, తర్వాతి హల్లులకు మూడు అంకెలిస్తుంది. మన ఎల్లయ్యను ఒక గుమాస్తా ‘ఈ’తో మొదలుపెట్టి, ఇంకొకరు ‘వై’తో మొదలుపెట్టి రాస్తే సౌండెక్స్‌కు వాళ్లు ఇద్దరు మనుషులు. వెంకటయ్య, వెంకటమ్మ, వెంకటేశ్వర్లు ముగ్గురికీ మాత్రం ఒకటే కోడ్ వస్తుంది, వి523. ఒకే మనిషిని చీల్చి, ముగ్గురు మనుషుల్ని కలిపేసే పద్ధతిని నేను పరీక్షించకుండా వాడాను. ఏ పద్ధతినైనా తీసుకోండి, కానీ మీ డేటాలోని అసలు పేర్లు రెండు వందలు చేత్తో పరీక్షించకుండా ప్రొడక్షన్‌లో, అంటే అసలు వాడకంలో, పెట్టకండి.

అమెరికా డేటాలో ఇలాంటివి ఉండవనుకోకండి. అక్కడ తండ్రీకొడుకులకు ఒకే పేరు, చివర సీనియర్, జూనియర్ అన్న తేడా ఒక్కటే, అది చాలాసార్లు రాలిపోతుంది. పేరు పెట్టని పసికందుల్ని ‘బేబీ బాయ్’ అని నమోదు చేస్తారు. కవలలకు ఇంటిపేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫోన్ అన్నీ ఒకటే. ఆసుపత్రి తానే ఇద్దరు రోగుల రికార్డులు కలిపినప్పుడు ఆసుపత్రుల కంప్యూటర్లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే హెచ్‌ఎల్7 పద్ధతిలో ఏ40 అనే సందేశం వస్తుంది. మీ పైప్‌లైన్ దాన్ని పట్టించుకుంటోందా, పక్కన పారేస్తోందా అన్నది ఈ వారంలోనే చూడండి.

ల్యాబ్ రిపోర్టులకు వద్దాం. హెచ్‌ఎల్7 సందేశంలో రోగి వివరాలు పీఐడీ అనే వరుసలో, ఒక్కో పరీక్ష ఫలితం ఒక్కో ఓబీఎక్స్ వరుసలో ఉంటాయి. కొత్తవాళ్లు చేసే మొదటి పని ఫలితం కాలమ్‌ను అంకెగా మార్చడం. అక్కడే నష్టం మొదలవుతుంది. ఫలితం ‘0.3 కంటే తక్కువ’ అని ఉండవచ్చు, ‘నెగెటివ్’ అని ఉండవచ్చు, ‘శాంపిల్ గడ్డకట్టింది, మళ్లీ పంపండి’ అని ఉండవచ్చు. అంకెగా మార్చగానే ఇవన్నీ ఖాళీలుగా మారిపోతాయి. ఆ ఖాళీని తర్వాత ఇంకెవరో సున్నాతో నింపుతారు. పరీక్షే జరగని మనిషి షుగర్ సున్నా అని చూపించే టేబుల్‌ను నేను చూశాను. అందువల్ల వచ్చిన మాటను వచ్చినట్టే ఒక కాలమ్‌లో దాచండి, అంకెను వేరే కాలమ్‌లో, కొలమానాన్ని ఇంకో కాలమ్‌లో పెట్టండి.

కొలమానం లేని అంకెకు విలువ లేదు. ఉదయం పరగడుపున గ్లూకోజ్ డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు అంటే మన డాక్టర్లకు మధుమేహం గీత. అదే రక్తాన్ని లీటరుకు మిల్లీమోల్స్ అనే వేరే కొలమానంలో చెప్పే ల్యాబ్ 7.0 అని పంపుతుంది. రెండూ ఒకే కాలమ్‌లో చేరితే, సగటు చూసి మురిసిపోయేవాళ్లకు ఏమీ తెలియదు. మధుమేహం ఉన్నవాడు షుగర్ పడిపోయి చావుబతుకుల్లో ఉన్నట్టు కనిపిస్తాడు. క్రియాటినైన్‌కైతే తేడా 88 రెట్లు. ప్రతి కొత్త ల్యాబ్ నుంచి మొదటి ఫైలు వచ్చినప్పుడు ఒక్కో పరీక్షకూ కనిష్ఠం, గరిష్ఠం, మధ్యమం చూడండి. మనిషి ఒంట్లో సాధ్యం కాని అంకె కనిపిస్తే ఆ ఫైలును ఆపేయండి. పరీక్షల పేర్లు కూడా ఒక్కో ల్యాబ్‌లో ఒక్కోలా ఉంటాయి, ఒక పరీక్షకు అందరూ ఒకే కోడ్ వాడేలా లోయింక్ కోడ్‌లు పుట్టింది అందుకే. సీరం గ్లూకోజ్‌కు 2345-7, మూడు నెలల సగటు షుగర్‌కు 4548-4, హిమోగ్లోబిన్‌కు 718-7. మీ డేటాలో ఎక్కువగా వచ్చే ఇరవై పరీక్షల కోడ్‌లు నోటికి వచ్చేస్తే మీ పని సగం తేలికవుతుంది.

ఇంకొకటి. రిపోర్టు ఒకసారి వచ్చి ఆగిపోదు. ముందు ప్రాథమిక ఫలితం వస్తుంది, తర్వాత తుది ఫలితం, అవసరమైతే సరిదిద్దిన ఫలితం. ఓబీఎక్స్ వరుసలో దీనికి పి, ఎఫ్, సి అనే గుర్తులున్నాయి. సరిదిద్దినది వచ్చిందని పాతదాన్ని చెరిపేయకండి. ఆ మధ్యలో డాక్టర్ పాత అంకె చూసే మందు రాశారు. ఎందుకు రాశారని రేపు ఎవరైనా అడిగితే, ఆయన చూసిన అంకె మీ దగ్గర ఉండాలి.

కాలంతో పాటు అర్థాలు మారడం గురించి మన జిల్లాలే మంచి పాఠం. 2016 అక్టోబరు 11న పది జిల్లాల తెలంగాణ 31 జిల్లాలైంది. పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. షాద్‌నగర్ రంగారెడ్డిలోకి, కొడంగల్ వికారాబాద్‌లోకి వెళ్లాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా వేరైంది. నేను ఒక సంస్థ కోసం ప్రసవాల లెక్కలు చూస్తున్నప్పుడు మహబూబ్‌నగర్ గీత ఒక్కసారిగా కిందికి పడిపోయింది. కుటుంబ నియంత్రణ బాగా జరిగిందని ఒకరు స్లైడ్ కూడా తయారుచేశారు. పడిపోయింది ప్రసవాలు కాదు, జిల్లా. ప్రతి మండలానికీ అది ఏ జిల్లాలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉందో రాసిన టేబుల్ ఒకటి ఉండి, సంఘటన తేదీతో దాన్ని కలిపి ఉంటే ఆ స్లైడ్ పుట్టేదే కాదు. టైప్-2 డైమెన్షన్ అని మీకు పుస్తకాల్లో చెప్పింది ఇదే.

మీ అమెరికా డేటాలో దీనికి సమానమైన రోజు 2015 అక్టోబరు 1. ఆ రోజు అక్కడ ఐసీడీ-9 నుంచి ఐసీడీ-10కి మారారు. సుమారు 13 వేల రోగ కోడ్‌ల స్థానంలో సుమారు 68 వేలు వచ్చాయి. ఆ తేదీకి రెండు పక్కలా ఉన్న రోగాల లెక్కను నేరుగా పోల్చకండి. ఇప్పటికీ ఏటా అక్టోబరు 1న కోడ్‌లు మారుతాయి, క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

గడియారాలదీ ఇదే గొడవ. చికాగోలో సోమవారం మధ్యాహ్నం రెండింటికి చేరిన రోగి మన సర్వర్ సమయంలో మంగళవారం చేరినట్టు కనిపిస్తాడు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు, ఒకటి నుంచి రెండు దాకా ఉన్న గంట రెండుసార్లు వస్తుంది. 1:50కి వచ్చిన మనిషిని డాక్టర్ 1:10కే చూసినట్టు ఉంటే అది తప్పుడు డేటా అని పారేయకండి. ప్రపంచమంతటికీ ఒకటైన యూటీసీ సమయాన్నీ, ఆసుపత్రి స్థానిక సమయాన్నీ రెండింటినీ దాచండి.

రికార్డు ఆగిపోవడాన్ని ఎలా చదవాలో కూడా మన పాలమూరే నేర్పింది. క్షయకు మామూలుగా ఆరు నెలలు మందులు వాడాలి. నారాయణపేట వైపు పల్లెలో మందులు మొదలుపెట్టిన మనిషి రెండో నెలలో మేస్త్రీతో పాటు ముంబైకో పుణెకో పనికి వెళ్లిపోతాడు. ఊళ్లోని రికార్డు అక్కడితో ఆగుతుంది. ఆ ఖాళీని చూసి ‘మందులు మానేశాడు’ అని రాయడం ఎంత సులువో! అతను అక్కడ మందులు తీసుకుంటూ ఉండవచ్చు. క్షయ రోగుల్ని నమోదు చేసే ప్రభుత్వ నిక్షయ్ వ్యవస్థలో రోగికి ఇచ్చే నంబరు దేశమంతటా పనిచేసేది అందుకే. అమెరికాలో ఇదే మనిషి ఉద్యోగం మారి బీమా కంపెనీ మారిన రోగి రూపంలో కనిపిస్తాడు. క్లెయిములు ఆగితే ఆరోగ్యం బాగుపడిందని కాదు, చనిపోయారనీ కాదు. బీమా ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉందో చెప్పే టేబుల్ వేరే ఉంటుంది. దానితో కలపకుండా ‘రోగి రాలేదు’ అన్న మాట మీ నోటి నుంచి రాకూడదు.

గోప్యత గురించి మీకు కంపెనీ శిక్షణ ఇచ్చే ఉంటుంది. అమెరికాలో రోగుల వివరాలను కాపాడే 1996 నాటి హిపా చట్టం, దాని నియమాల్లో తీసేయవలసిన 18 రకాల గుర్తింపు వివరాలు, ఇవి బట్టీ పట్టారేమో కూడా. మీరు ఆలోచించవలసింది వాటి వెనకున్న కారణం. వయసు 89 దాటితే ‘90, ఆపైన’ అని మాత్రమే ఎందుకు ఉంచమన్నారు? జిప్ కోడ్‌లో మొదటి మూడు అంకెలైనా, ఆ ప్రాంతంలో 20 వేల మందికి పైగా ఉంటేనే ఎందుకు ఉంచమన్నారు? మన పిన్ కోడ్‌లో 508 అంటే నల్లగొండ వైపు, 509 అంటే పాలమూరు వైపు, అక్కడ లక్షల మంది. కానీ అమ్రాబాద్ అడవిలో పది ఇళ్ల చెంచు పెంట, అంటే చెంచుల గూడెం, పేరు, వయసు 30, స్త్రీ, క్షయ అని రాస్తే మనిషి పేరు తీసేసి ఏం లాభం? ఆ పెంటలో అందరికీ ఆమె ఎవరో తెలుసు. మన దగ్గర కూడా 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. జరిమానా సంగతి కంపెనీ చూసుకుంటుంది. మీ వంతు ఇది: రోగి వివరాలున్న స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి ‘అక్కా, ఈ ఎర్రర్ ఏమిటి’ అని వాట్సాప్‌లో పంపకండి. స్నేహితుల్లో ఈ పొరపాటు ఎంత మామూలైపోయిందో చూస్తే నాకు కోపం వస్తుంది. మీ అమ్మగారి రిపోర్టు అలా చేతులు మారితే మీకెలా ఉంటుంది?

పనిముట్ల గురించి ఎక్కువ చెప్పను. ఎస్‌క్యూఎల్‌లో ఒక వరుసను దాని ముందూ వెనకా వరుసలతో కలిపి చూసే విండో ఫంక్షన్లు గట్టిగా నేర్చుకోండి. ఆసుపత్రి ప్రశ్నల్లో సగం ‘దీనికి ముందు ఏం జరిగింది’ అన్నవే. ఒకే ఫైలును రెండుసార్లు నడిపినా ఫలితం మారకుండా పైప్‌లైన్ రాయడం అలవాటు చేసుకోండి, తెల్లవారుజామున మూడింటికి ఆగిన పనిని భయం లేకుండా మళ్లీ నడపగలుగుతారు. స్పార్క్, ఎయిర్‌ఫ్లో లాంటివి అవసరం పడినప్పుడు వస్తాయి. సాధనకు కంపెనీ డేటాను ఇంటికి తీసుకెళ్లకండి. సింథియా అనే ఉచిత ప్రోగ్రామ్ కల్పిత రోగుల రికార్డులు తయారుచేస్తుంది, ఆరోగ్య రికార్డులు ఇచ్చిపుచ్చుకునే ప్రమాణమైన ఎఫ్‌హెచ్‌ఐఆర్ రూపంలో కూడా ఇస్తుంది. అసలు ఐసీయూ డేటా ఎలా ఉంటుందో చూడాలంటే మిమిక్-4 అనే డేటా నమూనాలో వంద మంది రోగుల వివరాలు, గుర్తింపు తొలగించినవి, అందరికీ అందుబాటులో ఉన్నాయి. మన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కూడా ఎఫ్‌హెచ్‌ఐఆర్ మీదే నడుస్తుంది కాబట్టి, ఈ చదువు అమెరికా పనికే పరిమితం కాదు.

మీటింగుల్లో మాట్లాడటం గురించి. నేనూ పదో తరగతి దాకా తెలుగు మీడియమే. మొదటి ఏడాది నాకు పనికొచ్చిన ఉపాయం ఒకటే. మీటింగుకు ముందు రోజు ఒకే ఒక ప్రశ్నను రాసి పంపేదాన్ని. ‘ఈ కాలమ్‌ను ఆసుపత్రిలో ఎవరు నింపుతారు? నర్సా, బిల్లింగ్ గుమాస్తానా, మెషీనా?’ అంతే, రెండు వాక్యాలు. అవతలివాళ్లలో చాలామందికి జవాబు తెలిసేది కాదు, కనుక్కుని చెప్పేవారు. ఆరు నెలల్లో ఆ టేబుళ్ల గురించి నాకే అందరికంటే ఎక్కువ తెలిసింది, అప్పుడు వాళ్లే నన్ను అడగడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు దానంతటదే వెంట వచ్చింది.

సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు మీ సబ్‌సెంటర్ ఏఎన్‌ఎం గారి దగ్గర ఒక పూట కూర్చోండి. అనుమతి అడిగి, పేర్ల జోలికి పోకుండా, ఖాళీ రిజిస్టర్‌లోని కాలమ్‌లు మాత్రం చూడండి. ఏ గడి నింపడం కష్టం, ఏ గడి అందరూ ఊరికే నింపేస్తారు అని అడగండి. ఆవిడ చెప్పేది ఏ కోర్సులోనూ దొరకదు.

ఇక ఉండాలా, వెళ్లాలా. ఇంట్లో అప్పు ఉండి, తమ్ముళ్ల ఫీజులు మీ జీతం మీదే ఆధారపడి ఉంటే వెళ్లండి, అందులో తప్పు లేదు, అక్కడ నేర్చుకున్నదీ పనికొస్తుంది. అలాంటి ఒత్తిడి లేకపోతే కనీసం ఏడాదిన్నర ఉండమంటాను. నాలుగు నెలల్లో ఈ పని రుచి తెలియదు. ఫైళ్లు వచ్చాయా అని చూసే పనిని చిన్నచూపు చూడకండి. ఏ ఆసుపత్రి ఫైలు ఏ రోజు ఆలస్యమవుతుందో, ఏ రోజు పరిమాణం తగ్గుతుందో గమనిస్తే, అక్కడ ఏం జరుగుతోందో మీకే ముందు తెలుస్తుంది.

నిర్ణయం తీసుకునే ముందు ఒక పని చేయండి అమ్మా. సోమవారం ఆఫీసులో రోగుల టేబుల్ తెరిచి, పుట్టిన తేదీల్లో ఏ తేదీ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టి, ఎక్కువ నుంచి తక్కువకు పేర్చండి. పైన 1900 జనవరి 1 కనిపించవచ్చు, ఇంకేదైనా కనిపించవచ్చు. ఆ తేదీలున్న రికార్డులు ఏ ఆసుపత్రి నుంచి, ఏ విభాగం నుంచి, ఏ నెల నుంచి వస్తున్నాయో చూసి, మీ టీమ్ లీడ్‌కు రాయండి. ఆయన ఏమన్నారో నాకు చెప్పండి. పేర్లు, అంకెలు వద్దు, జవాబు చాలు.